నాగార్జునుడు, ఫైన్మన్: ఒకే ‘ఎందుకు’ దగ్గర ఇద్దరు

ఎండాకాలంలో మర పట్టించిన కారాన్ని పలచటి పాలిథిన్ కవరులోంచి సీసాలోకి ఒంపితే మొత్తం దిగదు. మెత్తటి పొడి కవరు లోపలి గోడకి పట్టేసి ఉంటుంది. వేలితో తడితే కొంత రాలుతుంది. రాలిన దాన్లోంచి కొన్ని రేణువులు మళ్లీ లేచి పక్క గోడకి అతుక్కుంటాయి. కారంలో నూనె ఉంటుంది గనుక కొంత జిగురు నిజమే. కానీ జిగురు తగిలితేగాని పట్టదు. గోరంత దూరంలో ఉన్న రేణువు దానంతట అది ఎగిరి గోడని చేరిందంటే అక్కడ ఇంకేదో పనిచేస్తోంది.

చిలకలూరిపేట, గణపవరం వైపు స్పిన్నింగు మిల్లుల్లో ఇదే సంగతి డబ్బు నష్టంగా కనిపిస్తుంది. నూరు కిలోల పొడి పత్తి మామూలు గాలిలో ఎనిమిది కిలోల పైచిలుకు తేమని పట్టుకుంటుంది. పాలియెస్టరుకి అర కిలో కూడా దక్కదు. తేమ ఉన్నంతసేపు రాపిడిలో పోగుల మీద చేరిన ఆవేశం జారిపోతుంది. గాలి ఆరిందంటే పోగు పక్క పోగుని నెట్టేస్తుంది, రోలరుకి చుట్టుకుంటుంది, నూలు తెగుతుంది. అందుకే మిల్లుల్లో నీటి తుంపర కొట్టి గాలిలో తేమని సగానికి పైన నిలబెడతారు.

పదో తరగతి దాటిన ఎవరినడిగినా దీనికి జవాబు చెబుతారు: సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి. ఈ వాక్యంతో కారం రేణువు సంగతి నిజంగానే తేలుతుంది. ఎలాగో ఒక్కసారి దగ్గర్నుంచి చూద్దాం. రాపిడికి పాలిథిన్ మీద ఋణావేశం చేరింది. రేణువు మీద నికరంగా ఏ ఆవేశమూ లేకపోవచ్చు. అయినా గోడ ప్రభావానికి దానిలోని ఎలక్ట్రాన్లు గోడకి దూరంగా రవ్వంత జరుగుతాయి. గోడ వైపున్న ముఖం ధనం అవుతుంది, అవతలి ముఖం ఋణం. 1785లో కూలుంబ్ కొలిచి చెప్పినట్టు దూరం పెరిగితే బలం తగ్గుతుంది కాబట్టి, దగ్గరి ముఖం మీద లాగుడు దూరపు ముఖం మీద తోపుడుని గెలుస్తుంది. రేణువు గోడని చేరుతుంది. ఆవేశం లేనిది ఆవేశానికి ఎందుకు లోబడిందన్న వింత, రెండు మామూలు నియమాల్లోకి కరిగిపోయింది. వివరణ అంటే ఇది.

ఆ రెండు నియమాల్లో మొదటిదాన్ని పట్టుకుని మళ్లీ అడిగితే? విజాతి ఆవేశాలు అసలెందుకు ఆకర్షించుకోవాలి? ఇక్కడ తరగతి గది మౌనం వహిస్తుంది. ‘ప్రకృతి ధర్మం’ అని పాఠం ముందుకు పోతుంది. ఈ చోట ఆగి ఆలోచించిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చదవాలని ఈ వ్యాసం. ఒకరు ఇరవయ్యో శతాబ్దపు భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్మన్. ఇంకొకరు మన కృష్ణ ఒడ్డు పేరుని లోకమంతా మోసుకెళ్లిన ఆచార్య నాగార్జునుడు.

నాగార్జునుణ్ణి ఇక్కడికి తీసుకురావడానికి ఊరి అభిమానం ఒక్కటే కారణం కాదు గాని, ఆ అభిమానం లేదని అనను. టిబెట్టు సంప్రదాయం ఆయన్ని శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. ఇక్ష్వాకుల శాసనాల్లో శ్రీపర్వతం వాళ్ల రాజధాని విజయపురి పక్కనే వస్తుంది. 1926లో విజయపురి శిథిలాలు బయటపడ్డాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకి శంకుస్థాపన జరిగింది, 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి తీసినవి తీశాక నీళ్లు నిండాయి. ఇవాళ ఆ లోయ పల్నాడు జిల్లాలో జలాశయం అడుగున ఉంది. దాని మీదుగా వచ్చే నీరే కుడి కాలువలో పడి గుంటూరు, ప్రకాశం పత్తికీ మిరపకీ చేరుతోంది. అదే నీరు టర్బైన్ల మీద పడి కరెంటవుతోంది. కాబట్టి ఆవేశం గురించిన ప్రశ్న ఆ పేరు దగ్గరికి వెళ్లడం అంత చుట్టుదారేమీ కాదు.

ముందు ఫైన్మన్. 1983లో బీబీసీ కోసం క్రిస్టఫర్ సైక్స్ తీసిన ముఖాముఖిలో ఆయన్ని అయస్కాంతాల గురించి అడిగారు: రెండు అయస్కాంతాలని దగ్గరికి తెస్తే మధ్యలో చేతికి తెలిసే ఆ తోపుడు ఏమిటి, ఎందుకు? ఆయన కాస్త విసుగుపడ్డాడు. తర్వాత చాలాసేపు ‘ఎందుకు’ అన్న ప్రశ్న గురించే మాట్లాడాడు. ఒక పెద్దావిడ ఆసుపత్రిలో ఉంది, ఎందుకు? మంచు మీద జారిపడింది. మంచు మీద ఎందుకు జారింది? ఇలా ప్రతి జవాబూ ఇంకో ప్రశ్నని పుట్టిస్తుంది. ఎక్కడ ఆగాలన్నది అడిగేవాడు ఏ విషయాల్ని ముందే ఒప్పుకున్నాడన్న దాన్నిబట్టి ఉంటుంది. చివరికి తేల్చింది ఇది: అయస్కాంతాలు రబ్బరు బ్యాండ్లతో కట్టినట్టు లాక్కుంటాయని చెబితే అది మోసం. రబ్బరు సాగి మళ్లీ ముడుచుకునేది కూడా ఈ విద్యుత్ బలాల వల్లనే. తెలియనిదాన్ని తెలిసినదాంతో చెప్పబోయి, ఆ తెలిసినదానికి మళ్లీ తెలియనిదాన్నే పునాదిగా వేసినట్టవుతుంది.

ఈ రబ్బరు మాట చిన్నదిగా కనిపిస్తుంది గాని దాని దెబ్బ చాలా పైకి తగులుతుంది. మైకేల్ ఫారడే విద్యుత్ బలాన్ని ఊహించుకున్నది సరిగ్గా అలాగే. ఆవేశం నుంచి ఆవేశానికి బలరేఖలు, పొడుగునా బిగువు, పక్కలకి ఒకదాన్నొకటి నెట్టుకోవడం. మాక్స్‌వెల్ ఆ బొమ్మకి గణితం కట్టాడు. అంత పెద్ద సిద్ధాంతం రబ్బరు బొమ్మ ఒడిలోంచే లేచింది. సమీకరణాలు నిలిచాయి, వాటిని మోస్తున్న యంత్రం బొమ్మ రాలిపోయింది. ఫైన్మన్ ఆ చరిత్రంతా తెలిసిన మనిషి. ఆయన నిరాకరణలో బద్ధకం లేదు. పరిచయమైన వస్తువుతో పోలిస్తేనే అర్థమైనట్టు భావించే అలవాటుని ఆయన అక్కడ కోసేశాడు.

ఇక నాగార్జునుడు. ఆయన మూలమధ్యమకకారికలో ఇరవై ఏడు ప్రకరణాలున్నాయి. పుస్తకం తెరవగానే మొదటిది ప్రత్యయ పరీక్ష, అంటే కారణాల విచారణ. ఏ వస్తువూ తననుంచి తాను పుట్టదు, పరాయిదాన్నుంచి పుట్టదు, రెంటినుంచీ పుట్టదు, ఏ కారణమూ లేకుండానూ పుట్టదు అని నాలుగు దారులూ మూసేస్తాడు. అలాగని లోకంలో ఏదీ దేనివల్లా జరగడం లేదని ఆయన అనడు. బౌద్ధులు చెప్పే నాలుగు ప్రత్యయాల్ని ఒప్పుకుని, ఐదోది లేదంటాడు. ఒప్పుకోనిది ఒకటే: వస్తువు గర్భంలో దాగి ఉండి, కార్యాన్ని బయటికి నెట్టే సొంత శక్తిని. స్వభావం అన్నది ఆయన వేటు వేసిన గురి. ఎదురుగా ఉన్నది ప్రధానంగా సర్వాస్తివాదులు, ప్రతి ధర్మానికీ తనదైన స్వభావం ఉందన్నవాళ్లు.

అమెరికన్ తత్వవేత్త జే గార్ఫీల్డ్ 1994లో ఈ ప్రకరణం మీద రాసిన వ్యాసం మన ప్రశ్నకి చాలా దగ్గరగా వస్తుంది. దీపం ఎందుకు వెలిగిందంటే స్విచ్ వేశాను అంటాం, తీగలో కరెంటు పారింది అంటాం. ఈ వరుసలో ప్రతిదీ ప్రత్యయమే. వీటన్నిటి వెనకా ‘వెలిగించే శక్తి’ అని ఇంకొకటి కనబడదు, అవసరమూ లేదు. ఆయన చదువులో నాగార్జునుడు కొట్టేసింది ఆ అదనపు శక్తిని. మిగిల్చింది, ఇది ఉంటే అది ఉంటుందన్న క్రమాన్ని. నాకు ఈ చదువు సబబుగా తోస్తుంది. ఇరవై నాలుగో ప్రకరణంలో, శూన్యమంటే సర్వం కూలిపోతుందన్న ప్రతివాదికి ఆయన ఇచ్చే జవాబు కూడా దీనికే సాక్ష్యం చెబుతుంది.

పక్కపక్కన పెడితే ఇద్దరూ ఒకే వస్తువుని తిరస్కరిస్తున్నారు. ధనావేశంలో ‘ఋణాన్ని లాగే గుణం’ ఉంది అనడం ఇద్దరికీ పనికిరాదు. ఆవేశమన్నదాన్ని మనం గుర్తుపట్టేదే అది ఇంకో ఆవేశం దగ్గర ఎలా నడుచుకుంటుందో చూసి. 1733లో దుఫే రెండు రకాల విద్యుత్తులున్నాయని గమనించాడు. వాటికి ధన, ఋణ గుర్తులు పెట్టింది ఫ్రాంక్లిన్. ఆ గుర్తుల్ని తారుమారు చేసినా కూలుంబ్ నియమంలో రేఖ కూడా మారదు. లోకంలో ఒక్క ఆవేశమే ఉంటే అది ధనమా ఋణమా అని అడగడానికి తావే లేదు. నాగార్జునుడు పదో ప్రకరణంలో అగ్నికీ కట్టెకీ మధ్య చూపించిన సంబంధం ఇలాంటిదే: ఒకటి లేకుండా రెండోదాన్ని అదీ అని చూపలేం.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఇదంతా చదివి నాగార్జునుడికి క్వాంటం సిద్ధాంతం ముందే తెలుసని సభల్లో చెప్పేవాళ్లున్నారు. అది ఆయనకి గౌరవం కాదు. కార్లో రోవెల్లి అనే ఇటలీ భౌతిక శాస్త్రవేత్త 2020 నాటి హెల్గోలాండ్ పుస్తకంలో నాగార్జునుడి గురించి ప్రేమగా, వివరంగా రాశాడు. అయితే రోవెల్లి అందులో వెతుక్కున్నది ఆలోచించే పద్ధతిని. నాగార్జునుడు ఒక్క కొలతా తీసుకోలేదు, తీసుకోవాలనీ అనుకోలేదు. ఆయన పని దుఃఖానికి మూలమైన పట్టుని విప్పడం. ఆ పనికి ఆవేశాల మధ్య దూరపు లెక్క అక్కర్లేదు.

ఈ ఇద్దరినీ తూచేటప్పుడు మూడో జవాబునీ తూకంలో పెట్టాలి. వైశేషిక సూత్రాల్లో కణాదుడు అయస్కాంతం వైపు సూది కదలడాన్ని ‘అదృష్టం’ ఖాతాలో వేశాడు, కంటికి కనిపించని కారణమని. గడ్డిపరకని లాగే మణి కథని తర్వాతి వ్యాఖ్యాతలు దీని పక్కనే పెట్టారు. రాపిడితో పుట్టే విద్యుత్తుకి మన శాస్త్రాల్లో దొరికే తొలి ఆనవాళ్లలో అదొకటి. ఆ సంప్రదాయాన్నే పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో పిల్లలకి అందేలా కుదించాడు. దేశమంతటా తర్కం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ అక్కణ్ణుంచే మొదలుపెడతారు. అందులో గురుత్వానికి ఇచ్చిన లక్షణం, వస్తువు మొదటిసారి కింద పడటానికి కారణమైన గుణమని. పడేది పడటానికి కారణం, పడటానికి కారణమయ్యే గుణం.

దీన్ని చూసి నవ్వడం తేలిక. నేను నవ్వను. అన్నంభట్టు చేస్తున్నది వర్గీకరణ. ఆ పనికి ఆ లక్షణం చక్కగా సరిపోతుంది, మొదటి పతనానికి గురుత్వాన్నీ తర్వాతి కదలికకి వేగాన్నీ వేరు చేయడంలో నిశితమైన చూపు ఉంది. అదీగాక 1713లో న్యూటన్ ప్రిన్సిపియా రెండో ముద్రణకి చేర్చిన ముగింపులో, గురుత్వానికి కారణమేమిటో తాను ఊహలు కట్టనని చెప్పి ఆగిపోయాడు. ఆగిన చోటు ఒకటే. అక్కడికి వచ్చేలోగా న్యూటన్ చేతిలో విలోమవర్గ నియమం ఉంది. దాంతో చంద్రుడూ సముద్రపు పోట్లూ లెక్కకి వచ్చాయి. అన్నంభట్టు చేతిలో ఉన్నది పేరు. పేరు దగ్గర ఆగినవాడికి మర్నాడు చేయడానికి పనుండదు. నియమం దగ్గర ఆగినవాడికి ఉంటుంది. కూలుంబ్ చెప్పిన ఆ రెండో ఘాతం నిజంగా రెండేనా అని అడిగి, 1971లో విలియమ్స్, ఫాలర్, హిల్ కొలిచారు. తేడా ఉంటే గింటే పదిహేనో దశాంశ స్థానం దాటాకే ఉండాలని తేలింది. అదృష్టాన్ని అలా కొలవడానికి లేదు.

ఇంతవరకూ ఫైన్మన్ పక్షానే మాట్లాడాను. ఇప్పుడు ఆయన మీద నాకున్న అభ్యంతరం చెప్పాలి. ఆ ముఖాముఖిలో ఆయన ఆగాల్సిన చోటికన్నా ముందే ఆగాడు. ‘ఎందుకు’ అన్నదాన్ని ఇంకో మెట్టు కిందికి దింపే జవాబు భౌతిక శాస్త్రం దగ్గర ఉంది, ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు కొద్దిమంది. అది ఇలా ఉంటుంది. బలాలన్నీ ఏదో ఒక క్షేత్రం ద్వారా నడుస్తాయి. ఆ క్షేత్రపు కణానికి స్పిన్ అనే లక్షణం ఉంటుంది: సున్నా, ఒకటి, రెండు. సాపేక్ష సిద్ధాంతాన్నీ క్వాంటం నియమాల్నీ కలిపి లెక్క వేస్తే, స్పిన్ సరిసంఖ్య అయినప్పుడు ఒకే రకం వస్తువులు దగ్గరికి లాక్కుంటాయి. బేసి అయితే ఒకే రకంవి తోసుకుంటాయి, ఎదురు రకంవి లాక్కుంటాయి. కాలానికీ స్థలానికీ మధ్య సాపేక్షత పెట్టే గుర్తు తేడా ఈ ఫలితంలో బయటపడుతుంది. గురుత్వానికి స్పిన్ రెండు, అందుకే బరువు బరువుని లాగుతుంది, ఎన్నడూ తోయదు. విద్యుత్ బలాన్ని మోసేది ఫోటాన్, దాని స్పిన్ ఒకటి. కాబట్టి విజాతి ఆవేశాలు ఆకర్షించుకోక తప్పదు.

ఫోటానంటే వెలుతురే. కళ్లంలో ఆరబోసిన మిరపకాయ ఎర్రదనం మన కంటికి చేరేది దాంతోనే. ఆ వెలుతురుకి ఉన్న ఒక గుణమూ, కారం రేణువు కవరుకి అంటుకోవడమూ ఒకే గొలుసులో కట్టుబడి ఉన్నాయి. స్పిన్ సున్నా అయి ఉంటే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి లాక్కునేవి, పత్తి పోగులు విడిపోవడానికి బదులు ముద్దకట్టేవి. సామాన్య శ్రోతకి దీన్ని పావుగంటలో చెప్పడం కష్టమని ఫైన్మన్ తలచి ఉండవచ్చు. అయినా ఉందని చెప్పి ఉంటే, భౌతిక శాస్త్రం ఎక్కడ నిజంగా చేతులెత్తేస్తుందో శ్రోతకి సరిగ్గా తెలిసేది. ఇప్పుడైతే ఆ ముఖాముఖి చూసినవాళ్లలో చాలామంది, విజాతి ఆవేశాల ఆకర్షణే చివరి గోడ అనుకుని లేస్తారు.

ఈ లోటులోకి ఒక చెడ్డ బొమ్మ దూరింది. పుస్తకాల్లో, వీడియోల్లో రెండు పడవల మీద ఇద్దరు బంతులు విసురుకుంటారు, విసిరిన కొద్దీ పడవలు దూరమవుతాయి, ఆవేశాలు ఫోటాన్లు విసురుకోవడం ఇదేనంటారు. వికర్షణకి సరే. ఆకర్షణ వచ్చేసరికి విసిరినవాడి దగ్గరికే తిరిగొచ్చే బూమరాంగు అంటారు. ఒక గుర్తు మారినందుకు బంతి బూమరాంగు ఎందుకైందో ఆ బొమ్మ చెప్పదు. ఫైన్మన్ హెచ్చరించిన రబ్బరు మోసం ఇదే, వేషం మార్చుకుని వచ్చింది.

క్షేత్రశక్తితో చెప్పే వివరణ దీనికన్నా ఎంతో మేలు. విజాతి ఆవేశాలు దగ్గరైతే చుట్టూ ఉన్న చోటులో వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. నిల్వ ఉన్న శక్తి తగ్గుతుంది, ఆ తగ్గుదల వైపే కదలిక. ఇంటర్ విద్యార్థికి నేనైతే ఇదే చెబుతాను.

నాగార్జునుడి మీద అభ్యంతరం వేరు రకంది. ఆయన తర్కం అన్ని వివరణల మీదా ఒకేలా పడుతుంది. అదృష్టాన్నీ కొడుతుంది, గురుత్వాన్నీ కొడుతుంది, స్పిన్‌నీ కొడుతుంది. ఏది మంచి ప్రత్యయ క్రమమో, ఏది చెడ్డదో ఎంచడానికి అందులో సాధనం లేదు. పంట మీద ఆ తేడా ప్రాణం మీదికి వస్తుంది. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం పత్తిని తెల్లదోమ తుడిచిపెట్టింది. ఆ దోమ ఉండేది ఆకు అడుగున, మందు పడేది ఆకు పైన. తుంపరకి ఆవేశం ఎక్కించి కొట్టే స్ప్రేయర్లలో బిందువు ఆకుని సమీపించగానే ఆకులో విజాతి ఆవేశం పోగవుతుంది, బిందువు వంగి ఆకు అడుగుకీ చేరుతుంది. దీనికి ఆవేశపు అంతిమ స్వభావం అక్కర్లేదు. అక్కరకొచ్చేది ఎంత ఆవేశం, ఎంత దూరం, బిందువు ఎంత చిన్నది అన్న లెక్క. స్వభావం వదిలేసి క్రమాన్ని పట్టుకోమన్నంతవరకు నాగార్జునుడి మాట రైతుకి పనికొస్తుంది. ఆ క్రమాన్ని వెతికే పద్ధతి ఫైన్మన్ వర్గం దగ్గర దొరుకుతుంది. వాళ్ల లెక్క ఎలక్ట్రాన్ అయస్కాంత బలాన్ని సుమారు పన్నెండు అంకెల దాకా ప్రయోగంతో కలుపుతుంది.

అయితే ఒక విషయంలో నాగార్జునుడి తూకం మొగ్గుతుంది. ఫైన్మన్ ఆగడంలో ఇంకా ఎక్కడో అడుగున అసలు సంగతి ఉందన్న ధ్వని ఉంది, అది మన మాటల్లోకి రావడం లేదన్న బాధ ఉంది. స్పిన్ ఒకటి ఎందుకంటే ఫేజ్ సౌష్ఠవం అంటాం, ఆ సౌష్ఠవం ఎందుకంటే ఆగుతాం. ఆగిన ప్రతిసారీ చివరి పునాది దొరకలేదన్న వెలితి. పునాది ఉండి తీరాలన్న కోరికనే నాగార్జునుడు విచారణకి పెట్టాడు. వివరణ అంటే సంబంధాల్ని చూపడమే అయితే, సంబంధాలు చూపాక మిగిలే వెలితి ప్రకృతిలో ఉన్నట్టు కాదు. భౌతిక శాస్త్రం నేర్పేవాళ్లు ఆయన మొదటి ప్రకరణం ఒక్కటి చదివితే బాగుండునని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అలాగని ప్రతి ‘ఎందుకు’నీ ఈ మాటతో మూసేయడానికి నేను ఒప్పుకోను. ప్రోటాన్ ఆవేశమూ ఎలక్ట్రాన్ ఆవేశమూ పరిమాణంలో సమానమని కొలతలు చెబుతున్నాయి, పది పక్కన ఇరవై సున్నాలు పెట్టినంతలో ఒక వంతు తేడా కూడా దొరకలేదు. రెండూ పూర్తిగా వేరు జాతి కణాలు. ప్రోటాన్ లోపల క్వార్కులున్నాయి, ఎలక్ట్రాన్ లోపల మనకి తెలిసి ఏమీ లేదు. రవ్వంత తేడా ఉన్నా గురుత్వం కన్నా కోట్ల కోట్ల రెట్లు బలమైన ఆ శక్తి ఏ ముద్దనీ ముద్దగా ఉండనిచ్చేది కాదు. ఇది ఇలా ఎందుకుందన్నదానికి ఇప్పుడున్న ప్రామాణిక సిద్ధాంతం పూర్తి జవాబు ఇవ్వదు. 1931లో డిరాక్ ఒక దారి చూపాడు: ఒకే ధ్రువం ఉన్న అయస్కాంత కణం విశ్వంలో ఎక్కడైనా ఒక్కటి ఉన్నా చాలు, ఆవేశాలన్నీ ఒక మూల ప్రమాణానికి గుణిజాలుగానే ఉండి తీరాలి. ఆ కణం కోసం సెర్న్ ప్రయోగశాలలో MoEDAL అనే ప్రయోగం వెతుకుతోంది. ఇప్పటిదాకా దొరకలేదు.